చెల్లెలి సమాధికి సున్నం

నాకు ఓపిక తక్కువ. ఆ డిసెంబరులో ఇద్దరు చిన్నపిల్లల్ని అడవిలో నాలుగు మైళ్లు నడిపించినప్పుడూ దారి పొడవునా కసురుతూనే ఉన్నాను. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఐదు. మా చెల్లెలి పిల్లలు.

చెల్లెలు భద్రాచలం అవతల ఒక అడవి ఊళ్లో నర్సు. పిల్లల్ని మధిరలో నా దగ్గర ఉంచి ఉద్యోగం చేసేది. రెండేళ్ల కిందట వానాకాలంలో విషజ్వరం వచ్చి చనిపోయింది. వాగు పొంగడంతో శవాన్ని దాటించే వీల్లేక అక్కడే సమాధి చేశారు. పిల్లలకు కడసారి చూపు కూడా దక్కలేదు. వాళ్ల నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు నా దగ్గరే ఉండిపోయారు.

చెల్లెల్ని పూడ్చిన మూడు రోజులకు, వాగు తగ్గాక, నేనొక్కదాన్నే వెళ్లి చూశాను. మట్టి దిబ్బ, చుట్టూ రాళ్లు, తలవైపు కర్ర సిలువ. వేసవిలో వచ్చి సిమెంటు చేయిద్దామనుకున్నాను. రెండు వేసవులు గడిచాయి. సెలవు దొరకలేదని అందరికీ చెప్పాను కానీ, ఆ చోటు మళ్లీ చూడాలంటే నాకు భయం.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం కొట్టి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, పాప కొవ్వొత్తి పట్టుకుని ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది.

"మా అమ్మది ఏడుంది పెద్దమ్మా?" అంది.

క్రిస్మస్‌లోపు తీసుకెళ్తానని మాటిచ్చాను.

తారురోడ్డు అయిపోయిన చోట పొద్దున్నే బస్సు దిగాం. ఎముకలు కొరికే చలి. టేకు ఆకుల మీది మంచు మెడ మీద పడుతోంది. వాగులో మోకాలిలోతు నీళ్లు. బాబును చంకనెత్తుకుని దాటించి అవతల దింపాను.

"కాళ్లు నొస్తున్నయ్ పెద్దమ్మా."

"అమ్మ దగ్గరికి పోదామని ఏడ్చింది నువ్వే గద. నడువ్."

పాప సున్నం డబ్బా మోస్తోంది. వేళ్లు కొంకర్లు పోతున్నా ఇమ్మంటే ఇవ్వలేదు.

ఊరి చివర సమాధుల దగ్గరికి చేరాం. నడుము ఎత్తు గడ్డి. ఒక్క సిలువ కూడా లేదు. కట్టెలు ఏరుకుంటున్న ముసలమ్మను పక్కకు పిలిచి అడిగాను.

"సిలువలను చెదలు తిన్నయమ్మా. ఆ ఏడు జరాలకు శానమంది పోయిండ్రు. ఏది ఎవరిదో నాకెట్ల ఎరుక?" అంది.

వెనక్కి తిరిగితే పాప నన్నే చూస్తోంది.

"ఏది పెద్దమ్మా?"

తెలియదని చెప్పలేకపోయాను. ఇంత చలిలో ఇంత దూరం ఈడ్చుకొచ్చి, మీ అమ్మ ఎక్కడుందో నాకు గుర్తులేదని ఏ ముఖంతో చెప్పను? ఇప్పచెట్టు పక్కన గడ్డిలో కాస్త ఎత్తుగా కనబడిన దిబ్బను చూపించాను.

"గదే."

ముగ్గురం కూర్చుని గడ్డి పీకాం. చుట్టూ రాళ్లు బయటపడ్డాయి. పాప ఒక్కో రాయికీ శ్రద్ధగా సున్నం పూసింది. పూస్తూ, లెక్కల్లో క్లాస్ ఫస్టు వచ్చానని నెమ్మదిగా అమ్మకు చెప్పుకుంది. బాబు బంతిపూలు చల్లాడు. కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన మొదలుపెట్టాను. నాకు మాటలు తప్పిపోయాయి.

అంతలో బాబు వెళ్లి దిబ్బ పక్కన నేల మీద పడుకున్నాడు.

"లెవ్వు, చలి పెడ్తది," అన్నాను.

"అమ్మ పక్కన జరసేపు పంటా."

కాళ్లు బారజాపాడు. అప్పుడు చూశాను. ఆ తెల్ల రాళ్ల వరుస వాడికంటే జానెడే పొడుగుంది. గడ్డిలో ఉన్నప్పుడు తెలియలేదు. అది ఎవరో చిన్నబిడ్డ సమాధి.

వాడు తల ఎత్తి ఆ చివర చూశాడు, ఈ చివర చూశాడు.

"పెద్దమ్మా, అమ్మ గింత చిన్నగుంటదా?"

పాప రాళ్ల వంక చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. అంతా అర్థమైపోయిందని ఆ కళ్లలోనే తెలిసింది. ఏడుస్తుందనుకున్నాను. అది తమ్ముడి పక్కన కూర్చుని, వాడి మంకీ క్యాపు చెవుల మీదికి లాగింది.

"చలి పెడ్తుంది గద తమ్మీ," అంది. "అమ్మ ముడుచుకోని పన్నది."