వెనక్కి చూసే నాలుగోవాడు

మా మావయ్య పోయారు. మొన్న మంగళవారం పొద్దున్న కిరండుల్ రైల్వే కాలనీలో టీ అడిగి, అది వచ్చేలోపే కుర్చీలో ఒరిగిపోయారు. అత్త ఫోన్ చేసేసరికి నేను నా ఆన్‌లైన్ ఫారాల దుకాణంలో ఎవరిదో పెన్షన్ కాగితం ఎక్కిస్తున్నాను. అదే కంప్యూటర్లో ఆయన కట్టిన బొమ్మ పేజీ తెరిచి ఉంది. ఓట్ల గడువు ఇంకా పదకొండు రోజులుంది.

ఆ బొమ్మ సంగతి చెప్పకుండా ఆయన సంగతి చెప్పలేను. మావయ్య ఉద్యోగమంతా ఇనపరాయి మోసే ఈ రైలు లైను మీద ట్రాలీమ్యాన్‌గానే గడిచింది. ఇంజనీరుగారు కూర్చున్న నాలుగు చక్రాల బల్లబండిని పట్టాల మీద పరిగెత్తుతూ తోసే పని అది. రిటైరయ్యాక విశాఖపట్నం నుంచి ఒకదానికొకటి అతికించే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకల డబ్బా తెచ్చుకుని, నెలల తరబడి కూర్చుని ఆ ట్రాలీని కట్టారు. తోసేవాళ్ళు నలుగురు. ముగ్గురు ముందుకు చూస్తారు, నాలుగోవాడు వెనక్కి.

విదేశంలో ఒక బొమ్మల కంపెనీకి వెబ్‌సైటుంది. బొమ్మలంటే ఇష్టమున్నవాళ్ళెవరైనా తాము కట్టినది అందులో పెట్టొచ్చు. గడువులోగా కావలసినన్ని ఓట్లు పడితే కంపెనీ దాన్ని తయారుచేసి అమ్మే సంగతి పరిశీలిస్తుంది. మావయ్య బొమ్మను అందులో పెట్టింది నేనే. మొదటి వారమే ఎవరో రాశారు, ఒక మనిషిని తిరగేసి పెట్టారు, సరిచేయండి అని.

"తిప్పేద్దామా మావయ్యా? వీలైతే ఓ రైలింజను కూడా పెట్టు, ఓట్లు పడతాయి" అన్నాను.

"ఇంజను అందరికీ తెలుసే గుంటా. మమ్మల్ని ఎవుడు సూశాడు? అందరూ ముందుకే సూస్తే ఎనకాల బండొస్తందని సెప్పీవోడెవుడు?"

ఆ చెప్పేవాడు ఆయనే. నేను డిగ్రీ తప్పి ఇంట్లో ముడుచుకున్నప్పుడు దుకాణం పెట్టమని వెంటపడ్డారు. తెరిచిన మొదటి నెలంతా రోజూ వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవారు. ఎందుకొచ్చావంటే "ఊరికే" అనేవారు.

ఇక నేను చేసిన నిర్వాకం. రేషన్ ఫారాలకు పిలిచినట్టే కాలనీ వాళ్ళందర్నీ వరసలో నిలబెట్టి, నా ఒక్క కంప్యూటర్లోనే అందరికీ ఖాతాలు తెరిచి, ఓట్లు నొక్కించేశాను. "హో గయా దీదీ?" అని పని అయిందో లేదో అడుగుతూ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళారు. సాయంత్రానికి గర్వంతో పొంగిపోయాను. మర్నాటికి వాటిలో ఒక్క ఓటూ లేదు. అన్నీ ఒకే మనిషి వేసిన దొంగ ఓట్లని సైటువాళ్ళు కొట్టేశారు. నాది కూడా పోయింది.

ఏడుపు మొహంతో వెళ్ళి చెప్తే మావయ్య పగలబడి నవ్వారు. "సరే గానీ, నువ్వెందుకేశావు?"

"మా మావయ్యదని."

"అది ఓటు కాదే, సుట్టరికం. బాగా సూసి, ఏటి నచ్చిందో తెలిసినప్పుడు ఎయ్యి."

నాకు ఒళ్ళు మండింది. వెయ్యనే లేదు. ఆయన మళ్ళీ అడగనూ లేదు.

ఆయన మాత్రం ఆదివారం ఆదివారం వచ్చి పరాయివాళ్ళ బొమ్మలన్నీ చూసేవారు. ఓటుతో పాటు కారణం చెప్పేవారు, నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. ఎవరో కట్టిన లైట్‌హౌస్ గుమ్మం బయట ఒక చిన్న చెప్పుల జత ఉంది. దాన్ని చూసి, "డ్యూటీ దిగినోడి సెప్పులివి. ఈ మనిషికి ఆ బతుకు తెలుసు" అన్నారు. అదే రాశాను.

మావయ్య పోయారని పేజీలో పెట్టిన రోజు ఆ లైట్‌హౌస్ కట్టినావిడే మొదట వచ్చి ఓటేసింది. చెప్పుల జతను గమనించింది ఆయనొక్కరేనట. ఆవిడ వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. ఆయన ఎవరి బొమ్మలకు ఓటేశారో వాళ్ళంతా ఒక్కొక్కరూ కారణం రాసి మరీ ఓటేస్తున్నారు. గడువులోగా మా ట్రాలీ కావలసిన ఓట్ల గీత దాటుతుంది. నాకు అనుమానం లేదు.

నిన్న మావయ్య కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా కిటికీ గట్టు మీద ఆయన చేత్తో పెట్టిన చోటే ట్రాలీ ఉంది. అక్కణ్ణుంచి ముగ్గురి వీపులే కనిపిస్తాయి. మొహం కనిపించేది నాలుగోవాడొక్కడిదే. ఇన్నాళ్ళూ నేనా కుర్చీలో కూర్చుని చూడనే లేదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఫోన్ తీసి ఓటేసి, కింద తెలుగులోనే రాశాను: "మిగతావాళ్ళు క్షేమంగా ఇంటికి చేరాలని ఒకడు వెనక్కి చూస్తున్నాడు. నేను అలాంటి మనిషి దగ్గర పెరిగాను."

అంతలో ఇనపరాయి నింపుకున్న గూడ్సు బండి కిటికీ అవతల నుంచి పోయింది. గట్టు అదిరి ట్రాలీ వేలెడంత ముందుకు జరిగింది. నాలుగోవాడు నన్నే చూస్తూ వెళ్ళాడు.