వద్దన్న తర్వాత

ఆర్లన్ ట్వేట్ పని మానేస్తానంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. మిన్నెసోటాలోని ఆ చిన్న ఊరివాళ్ల పొదుపు ఎక్కడ పెట్టాలో ఎన్నో ఏళ్లుగా చెబుతున్నది ఆయనే. కానీ చేతులు వణకడం మొదలైంది. మినియాపొలిస్‌లోని పెద్ద సంస్థ ఒకటి ఆయన ఆఫీసును తనలో కలుపుకుంటానని వచ్చింది. ధర బాగానే ఉంది. తన స్థానంలోకి ఆ సంస్థ పంపిన డెనీస్ ఈ ఊరివాళ్లని చూసుకోగలదా అన్నదే ఆయన బెంగ. అది తేలేదాకా సంతకం పెట్టనని భీష్మించుకుని కూర్చున్నాడు.

ఇద్దరూ కలిసి ఇంటింటికీ తిరిగారు. డెనీస్ షికాగో పిల్ల, లెక్కల్లో దిట్ట, మంచి మనసున్నదే. కాకపోతే ఎవరైనా వద్దంటే నిజంగానే వద్దనుకుంటుంది. ఈ ఊళ్లో అలా అనుకునేవాళ్లకి కాఫీ చుక్క కూడా దక్కదు. ఇక్కడ రెండుసార్లు వద్దనడం మర్యాద. అసలు జవాబు ఆ తర్వాతే బయటికొస్తుంది.

భర్త పోయి ఏడాదైన మార్విస్ ఇంట్లో డెనీస్‌కి ఆ సంగతి తెలిసొచ్చింది.

"ఇంకేమైనా కావాలాండీ?" అంది డెనీస్.

"అబ్బే, ఏం వద్దమ్మా. అంతా బాగానే ఉంది."

డెనీస్ సంచీ సర్దుకుని లేచింది. ఆర్లన్ కదల్లేదు.

"నిజంగా ఏం వద్దా, మార్విస్?"

"నాకేం కావాలయ్యా! నువ్వు ముందు ఆ కేకు తిను."

ఆయన తీరిగ్గా తిన్నాడు. మూతి తుడుచుకుని మళ్లీ అడిగాడు. "ఊఁ, చెప్పు మరి."

మార్విస్ కిటికీ వైపు చూసింది. "బిల్లుకి భయపడి పడగ్గదిలో హీటరు కట్టేశా. చలికాలమంతా వంటింట్లోనే పడుకున్నా. ఆయన దాచింది ముట్టుకోవాలంటే మనసొప్పట్లేదు."

డెనీస్ మళ్లీ కూర్చుంది. సాయంత్రందాకా లేవలేదు. ఆ డబ్బు దాచింది మీ కోసమేనని ఆవిడకు నచ్చజెప్పి, హీటరు తనే వేసి వచ్చింది.

ఆ తర్వాత ఆ పిల్ల ప్రతి ఇంట్లోనూ అడిగిందే అడగడం మొదలుపెట్టింది చూడండి! ఒక రైతు విసిగిపోయి, "ఏంటమ్మా, నేనేమైనా దొంగతనం చేశానా?" అన్నాడు. ఆర్లన్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ వారమే సంతకం పెట్టేశాడు.

చివరిరోజు డెనీస్ ఆయన అట్టపెట్టెను కారుదాకా మోసుకొచ్చింది.

"మంగళవారాలు ఆఫీసుకొస్తారా, ఆర్లన్ గారూ?"

"నేనెందుకమ్మాయ్? నీ పని నువ్వు చూసుకో."

"ఊరికే, కాఫీకి."

"అబ్బే, ఇంటి దగ్గర బోలెడు పనులున్నాయి."

ఏ పనీ లేదు. తెల్లారితే ఎక్కడికి వెళ్లాలో తెలియక ఆయనకి గుండెల్లో దిగులుగా ఉంది. కారెక్కి తలుపు వేసుకున్నాడు. డెనీస్ వెళ్లిపోలేదు. కిటికీ అద్దం మీద వేలితో తట్టింది.

"నిజంగా రారా?"

ఆర్లన్ అద్దం దించాడు.

"ఎన్నింటికి రమ్మంటావ్?" అన్నాడు.