అప్పులో పదోవంతు

ఫోన్ మోగితే హెలెన్ ముందు కుడిచేతిని పైటకు తుడుచుకుంటుంది. తర్వాతే ఎత్తుతుంది. రావులపాలెంలో పల్లంరాజు గారి అరటికాయల కమీషన్ కొట్టులో ఆమె గుమాస్తా. గెలల తూకం రాస్తుంది. గెల ముట్టుకోని రోజు కూడా ఆ చెయ్యి తుడుచుకుంటుంది.

మోగేది ఎక్కువగా చెల్లెలు రెబెక్కా ఫోన్. ఐర్లాండ్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. తల్లి పోయాక హెలెనే పెంచింది. బ్యాంకు అప్పుకి చెల్లెలి సంతకం పక్కన సంతకం పెట్టిందీ ఆమే.

అప్పులో ఫీజు డబ్బు నేరుగా యూనివర్సిటీకి వెళ్లింది. తిండికీ అద్దెకూ ఇచ్చిన మూడు లక్షలు హెలెన్ ఖాతాలో పడ్డాయి. అంత డబ్బు తన పేరు మీద ఆమె ఎప్పుడూ చూడలేదు. జీతం అందిన ప్రతి నెలా పదోవంతు లూథరన్ చర్చికి ఇచ్చే మనిషి. ఆ ఆదివారం ముప్పై వేలు కవరులో పెట్టి ఇచ్చింది. సంఘం ముందు లేచి నిలబడి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పింది. మిగతాది చెల్లెలికి పంపింది.

చదువయ్యేదాకా అసలు కట్టక్కర్లేదు. వడ్డీ మాత్రం నెలనెలా కట్టాలి. రెబెక్కా అక్కడొక సూపర్ మార్కెట్‌లో పని చేసి పంపేది. ముందు పని గంటలు తగ్గించారు. తర్వాత రావద్దన్నారు. వడ్డీ ఆగింది. బ్యాంకు ఆఫీసరు హెలెన్‌ను పిలిచి, సోమవారంలోగా బాకీ కట్టకపోతే ఆఖరి సెమిస్టరు ఫీజు ఆపేస్తామని చెప్పాడు. ఫీజు అందకపోతే అక్కడ పేరు కొట్టేస్తారు. బాకీ ముప్పై వేలకు దగ్గర్లో ఉంది.

ఈ సంగతి ఫోన్‌లో రెబెక్కాకు చెబుతూ హెలెన్ కవరు సంగతి కూడా చెప్పింది.

"అప్పులో కూడా దశమభాగం తీశావా అక్కా? నేనిక్కడ మధ్యాహ్నం తిండి మానేసి తిరుగుతున్నాను. ఇచ్చిన చోటే అడుగు."

శనివారం సాయంత్రం వెళ్లి అడిగింది. పాస్టరు ఎజ్రా గారు కుర్చీ వేయించారు. కోప్పడలేదు. ఆ డబ్బు కొత్త మైకు సెట్టుకు వాడామన్నారు. చేబదులుగానైనా ఇప్పించమంది.

"దేవుడి సొమ్మమ్మా. వెనక్కి అడక్కూడదు."

"దేవుడిది కాదండి అయ్యగారూ. బ్యాంకుది."

"మరి ఆరోజు దేవుడిచ్చాడని సాక్ష్యం చెప్పింది నువ్వే గదా?"

రేపు ఆరాధనలో రెబెక్కా కోసం ప్రార్థన చేయిస్తానన్నారు ఆయన. పేరు చదవొద్దండి అని లేచింది. మెట్లు దిగుతుంటే లోపల ఎవరో మైకు సరిచూస్తున్నారు. హలో, హలో అని మైకు రెండుసార్లు పలికింది.

మర్నాడు ఆదివారం. ఆమె చర్చికి వెళ్లలేదు. కొట్టుకు వెళ్లింది. పల్లంరాజు గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. జీతం మీద ముప్పై వేలు అడ్వాన్సు కావాలంది.

"ఆదివారం రమ్మంటే ఇన్నేళ్లూ రానన్నావు," అన్నాడు. "ఇకమీద వస్తావేంటి?"

వస్తానండి అంది. ఎన్నాళ్లని ఆయన అడగలేదు. నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆమె మళ్లీ లెక్కపెట్టి సంచిలో పెట్టుకుని బల్ల ముందు కూర్చుంది. లారీలోంచి గెలలు దించుతున్నారు. తూకం రాయడం మొదలుపెట్టింది.