రెండో ఏడాది మెమో

తొంభైల చివర్లో ఒక సాయంత్రం మాదాపూర్‌లో సిటీబస్సెక్కాను. కొత్త బిల్డింగుల కోసం రాళ్లు పగలగొడుతున్న దుమ్ము కిటికీల్లోంచి లోపలికొస్తోంది. పక్క సీట్లో ఒక నర్సమ్మ యూనిఫాం చీరలోనే కునికిపాట్లు పడుతోంది. బస్సు కుదుపుకి ఆమె ఒళ్లోని కవరు జారి, మార్కుల మెమోలు నా కాళ్ల దగ్గర పడ్డాయి. తీసి ఇస్తూ చూశాను. బీఎస్సీ నర్సింగ్. నాలుగేళ్లలో మూడేళ్లు మంచి మార్కులే. రెండో ఏడాది మాత్రం రెండు సబ్జెక్టులు తప్పింది.

"ఎమ్మెస్సీకి పెడుతున్న మేడం. రెండేండ్ల సంది గీ మెమో చూసే వాపసు పంపుతున్నరు," అంది.

"ఆ ఏడాది ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అండీ?"

"అందరు గదే అడుగుతరు. ఎవరికేం కాలే. వార్డుల నిలవడి నిలవడి అలసిపోయిన, చదవబుద్ధి కాలే. గంతే. మల్ల కూసొని చదువుకున్న గద, అది సాలదా?"

నేనూ ఒక నర్సింగ్ కాలేజీలో ఎమ్మెస్సీ దరఖాస్తులు వడపోసే కమిటీలో ఉన్నానని చెప్పలేకపోయాను. తప్పిన ఏడాదికి కారణంగా ఇంట్లో జబ్బో చావో రాసినవాళ్లని జాలిపడి ఉంచేవాళ్లం. ఏ కారణమూ రాయనివాళ్లని పక్కన పెట్టేవాళ్లం. కూకట్‌పల్లిలో ఆమె దిగిపోయింది.

మరుసటి వారం కమిటీలో ఎవరో, రెండో ఏడాది తప్పిన ఇంకో అమ్మాయి దరఖాస్తు చూసి, "కారణం రాయలేదండీ, తీసేద్దామా?" అన్నారు.

"తర్వాతి రెండేళ్ల మార్కులు కూడా చూద్దామండీ," అన్నాను.

ఆ అమ్మాయికి సీటొచ్చింది. బస్సులో కలిసిన మనిషి దరఖాస్తు మాత్రం ఆ కట్టలో లేదు. అంతకు ముందే నా చేత్తో పక్కన పెట్టేశానేమో, తెలియదు.