ఏలియాకు గిటార్ నేర్పింది ఎవరంటే

నిన్న పొద్దున రూతు ఫోన్ చేసింది.

"కాకా, మా బాపు పోయిండు."

ఛాయ్ గ్లాసులోనే చల్లారింది.

ఛత్రినాక ఏలియా. డెబ్బై ఏళ్ల దోస్తీ మాది. ఇక లేడు.

మౌనంగా ఉందామనే అనుకున్నాను. మధ్యాహ్నానికి ఒక పోస్ట్ నా ఫోన్‌లో పడింది. వాళ్ల చర్చి పాత క్వయర్ మాస్టర్ కొడుకు రాశాడు: "ఏలియా అంకుల్ మా నాన్నగారి ప్రియశిష్యుడు. గిటార్ నేర్పింది నాన్నగారే."

కింద లైకులే లైకులు.

జీవితమంతా పుస్తకాల మధ్య గడిపినవాణ్ణి. అబద్ధం అక్షరాల్లో కనబడితే ఊరుకోలేను. వినండి.

1950లలో సంగతి, మేమిద్దరం పిల్లలం. ఎవరో తెల్లదొర చర్చిలో వదిలి వెళ్లిన గిటార్‌ను మాస్టర్ ఏలియాకు ఇచ్చిన మాట నిజం. కీర్తనకు వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపించి, "ఇంతే చాలు" అన్నాడు. ఆయన పాఠం అక్కడితో సరి.

అసలు గురువు మా ఇంట్లో ఉంది. మా చిన్నాన్న గ్రామఫోన్. పత్తర్‌గట్టిలో పాత సామాన్ల దుకాణంలో నాకొక రికార్డు దొరికింది. అమెరికాలో ఎవరో నల్లజాతి మనిషి, ఒంటరిగా గిటార్ మీటుతూ పాడిన బ్లూస్ అనే బాధల పాట.

గ్రామఫోన్ స్ప్రింగ్ పాతది. పాట చివరికొచ్చేసరికి సత్తువ తగ్గి, గొంతూ గిటారూ కలిసి కిందికి జారిపోయేవి. పాటే అంత అనుకున్నాం ఇద్దరం.

"సూడు భాయ్, ఎట్ల కూలబడుతుండో. మస్తు బాధ ఉంది పాపం" అనేవాడు ఏలియా.

ఆ జారుడు కోసం వేళ్లు పగలగొట్టుకున్నాడు. తీగను పక్కకు లాగితే స్వరం పైకి పోతుందే కానీ దిగదు. చివరికి ఉపాయం దొరికింది. మీటిన వెంటనే ఎడమచేత్తో, తీగ బిగించే బిరడా వదులు చేయడం. తీగ మూలుగుతూ దిగేది.

తర్వాత చిన్నాన్న స్ప్రింగ్ మార్పించాడు. పాట చివరిదాకా నిటారుగా నడిచింది. ఏలియా లేచి నిలబడ్డాడు.

"ఏంది గిది? మంచిగున్న పాటను ఖరాబ్ చేసిన్రు గదా!"

"అరే, గది స్ప్రింగ్ తప్పురా. అసలు పాట గిదే."

"గట్లయితే అసలు పాటే తప్పు. నేనైతే మార్చ."

ఆ జారుడు మాస్టర్ చెవిన పడ్డట్టుంది. ఆ ఆదివారం ఆరాధనకు ముందే హెచ్చరించాడు. "సక్కగ వాయిస్తే గిటార్ నీ దగ్గరుంటది. వంకర కూతలు కూయించినవో, బీరువాలకు పోతది."

నేను చర్చి తలుపు దగ్గర నిలబడ్డాను. కీర్తన చక్కగానే నడిచింది. చివరి స్వరం దగ్గర ఏలియా చేయి బిరడా మీదికి పోయింది.

ముందు వరుసలో ఒక ముసలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మాస్టర్ అందరి ముందే గిటార్ లాక్కున్నాడు. బీరువాకు తాళం పడింది.

మాస్టర్ కొడుకా, ఆ తాళం సంగతి నీ పోస్ట్‌లో లేదేం?

ఏలియా ఏడవలేదు. ఇంటి తలుపుకు రెండు మేకులు కొట్టి, తీగ బిగించి, అది ఎత్తుగా నిలిచి మోగేలా కింద సిరాబుడ్డి దూర్చాడు. గల్లీ అంతా నవ్వింది. "ఏం రా, దర్వాజకు తాళి కట్టినవా?" సొంత గిటార్ కొనుక్కునేదాకా ఆ తలుపు మీదే సాధన.

ఆ బ్లూస్ పుట్టిన అమెరికాలో కూడా పేదవాళ్లు గోడకు తీగ కొట్టుకుని నేర్చుకునేవారని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఏలియాకు చెప్పాను.

"అంటే, గిటార్ గుంజుకునేటోళ్లు ఆడ గూడ ఉన్నరన్నట్టు" అన్నాడు.

ఈరోజు సమాధి దగ్గర క్వయర్ పాడింది. చక్కగా, నిటారుగా. రూతు వాళ్ల నాన్న గిటార్ తెచ్చింది. ఆమెకు వాయించడం రాదు.

"ఒక్క తీగ మీటు బిడ్డా. మీటి, బిరడా వదులు చెయ్" అన్నాను.

"ఇది పద్ధతి కాదు అంకుల్" అన్నాడు మాస్టర్ కొడుకు. అచ్చం వాళ్ల నాన్న గొంతు.

రూతు మీటింది. తీగ దిగింది. ఆ తర్వాతే మట్టి పడింది.

పోయి రా ఏలియా. అక్కడ నీ చేతిలోది ఎవడూ గుంజుకోకుండు గాక. నెమ్మదిగా పడుకో.