మంట ఆర్పి వండిన చేప

మా ఆయనది నరసాపురం. చేపల పులుసు లేని ఆదివారాన్ని ఆదివారంగా ఒప్పుకోని మనిషి. అలాంటి మనిషికి కడుపు ఆపరేషన్ అయింది. చేప తినొచ్చు గానీ కారం, పులుపు, మసాలా కొన్నాళ్ళు ముట్టకూడదన్నారు డాక్టర్లు. ఐర్లండ్‌లో కార్క్ నగరం పక్కనున్న బాలింకాలిగ్‌లో మా ఇంటికి తీసుకొచ్చాక ఆయన తిండే మానేశారు. పెరుగన్నం పెడితే రెండు ముద్దలు, సూప్ ఇస్తే రెండు చెంచాలు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. బరువు ఇంకా తగ్గితే మళ్ళీ అడ్మిట్ చేసుకోవాల్సి వస్తుందని చెకప్‌లో చెప్పారు.

పక్కింటి పెద్దావిడ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. ఆవిడది నార్వే. కార్క్ మనిషిని పెళ్ళి చేసుకుని ఎప్పుడో ఇక్కడికొచ్చేసింది. "మావాళ్ళు ఒంట్లో బాగాలేకపోతే చేపే తింటారు. నేనొచ్చి చేసి చూపిస్తాలే" అంది. మర్నాడు పెద్ద కాడ్ చేపతో దిగింది. వాళ్ళమ్మాయి దీన్నే ఓవెన్లో క్రీమ్ వేసి చేస్తుందట. ఆవిడది మాత్రం వాళ్ళమ్మ పద్ధతి.

ఆవిడ చేప కోసి పెట్టి, ప్రెస్‌లో, అదే వంటింటి అల్మారాలో, గిన్నె కోసం వెతుకుతోంది. నా చేతులు ఊరుకుంటేనా? ఎదురుగా ఉన్న సగం ముక్కలకి ఉప్పూ పసుపూ నిమ్మరసం పట్టించి, రుద్ది రుద్ది కడిగేశాను. నీసు పోవద్దూ మరి! ఆవిడ తిరిగి చూసేసరికి ఆ ముక్కలన్నీ పెళ్ళికూతుళ్ళలా పచ్చగా ఉన్నాయి. "తాజా చేపకి వాసనెక్కడిదమ్మా! సరేలే, గ్రాండ్, మిగిలిన ముక్కలున్నాయిగా" అని నవ్వేసి, నన్ను పొయ్యికి బారెడు దూరంలో నిలబెట్టింది.

నీళ్ళు సలసలా కాగాయి. గుప్పెళ్ళకొద్దీ ఉప్పు పోసింది. పోసి, మంట ఆర్పేసింది! ఆర్పేశాక ముక్కల్ని నీళ్ళలోకి జారవిడిచి, మూతపెట్టి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. వండటానికొచ్చిందా, కబుర్లకొచ్చిందా ఈ మహాతల్లి? మంట లేకుండా చేప ఉడకడమేమిటి? అదే అడిగాను. "మరగబెడితే బిగుసుకుపోతుంది. దాని మానాన దాన్ని వదిలెయ్యి" అంది.

కాసేపటికి మూత తీసింది. అమ్మ బాబోయ్! ముక్క చెదరలేదు, చిట్లలేదు. చెంచా తాకగానే పొరలు పొరలుగా విడిపోయింది. ఒక్కో పొరా తెల్లగా, తడిగా మెరుస్తోంది. ఇన్నేళ్ళుగా చేపలు వండుతున్నాను, చేప లోపల ఇంత అందం ఉంటుందని నాకు తెలీదు. నోట్లో వేసుకుంటే తీపి! చేప తియ్యగా ఉంటుందా? మరి ఇన్నాళ్ళూ నేను తిన్నది చేపనా, చింతపండునా? ఆ వట్టి నీళ్ళకీ, ఆ ముసలి చేతులకీ దణ్ణం పెట్టాలనిపించింది.

ఉడికించిన బంగాళాదుంప, కాస్త కరిగిన వెన్న, పక్కన చేప పెట్టి ఆయన ముందుంచాను. ఆయన ప్లేటు వంక అనుమానంగా చూశారు. ఒక పొర తిన్నారు. ఇంకోటి తిన్నారు. నేను చూస్తూనే ఉన్నాను, ప్లేటు ఖాళీ అయిపోయింది.

"తలకాయేదే?" అన్నారు.

"ఏంటండీ?"

"చేప తలకాయ! కొంపదీసి పారేశావా ఏంటి? ఇన్నేళ్ళు కాపరం చేశావు, తలకాయ నాకుంచాలని తెలీదా నీకు?"

ఆపరేషన్ అయ్యాక ఆయన నన్ను కసురుకోవడం అదే మొదలు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏమన్నాడు, ఏమన్నాడని తెలుగు రాని పక్కింటావిడ కంగారుపడిపోతోంది.

"తిడుతున్నారండీ," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ, "మా ఆయన నన్ను తిడుతున్నారు!"