హంస మెడ మీద మెట్లు

నేను చదివింది ఎనిమిదో తరగతి. మండపేటలో రైసు మిల్లుల మోటార్లకు వైండింగ్ చేసి బతికాను. అరవై దాటాక, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంటర్నెట్ సెంటర్లో ఇంగ్లీషు కూడబలుక్కుంటూ, కంప్యూటర్ చెప్పిన దారిన తిరిగి ఫోమ్ చెక్కే మిషన్ సొంతంగా కట్టాను. “ఈ వయసులో ఇవన్నీ ఎందుకండీ?” అని అడగనివాడు లేడు. అదే నేను మంచం మీద పడుకుని పైకప్పు చూస్తుంటే ఎవడూ ఎందుకని అడగడు.

కట్టింది నా కోసం కాదు. నా స్నేహితుడొకడు పెళ్లి స్టేజీలకు థర్మాకోల్ హంసలు, నెమళ్లు బ్లేడుతో చెక్కేవాడు. నా భార్య పోయాక రోజూ సాయంత్రం మా ఇంటి వెనక నా షెడ్డుకే పని తెచ్చుకునేవాడు. పెద్దగా మాటలుండేవి కావు. ఆ బ్లేడు గరగర వినిపిస్తుంటే ఇంట్లో మనిషి ఉన్నట్టుండేది. తర్వాత వాడి చేతులకు వణుకొచ్చింది. పని మానేశాడు. పనితోపాటు రావడమూ మానేశాడు. వాడు పక్కన కూర్చుని చెబితే మిషన్ చెక్కుతుంది, వాడికి మళ్లీ రావడానికి ఒక కారణం ఉంటుంది. నా ఆలోచన అంతే.

కాకినాడ హార్బరు దగ్గర, చేపల కోల్డ్ స్టోరేజీ గోడలకు వాడగా మిగిలిన గట్టి ఫోమ్ ముక్కలు తెచ్చాను. వాడి పాత అట్ట నమూనా చూసి మొదటి హంసను చెక్కించి, వాడికి కబురు పెట్టాను. వచ్చి మెడ తడిమాడు. నున్నగా లేదు, పొడుగునా మెట్లు మెట్లుగా గీతలు.

“ఏరా, దీని ఎముకలు లెక్కపెట్టచ్చు. ఏకాదశి ఉపవాసమా?”

మిషన్ జారే ఇనప పట్టాల మీద వేలు పెట్టి వాసన చూశాడు. “కొబ్బరి నూనె రాశావేంట్రా! జడ కూడా వేస్తావా?”

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ధనుర్మాసం చలికి పొద్దున్నే ఆ నూనె పేరుకుని పట్టాలు బిగుసుకుంటున్న మాట నిజం. కిరసనాయిలుతో కడిగి కుట్టుమిషన్ నూనె వేశాను. ఎముకలు మాత్రం పోలేదు.

కాకినాడలో ఒక ఇంజినీరు, మిషన్ మొహం చూడకుండానే, “కంపెనీది కొనుక్కోండి” అన్నాడు. ఆ సలహా ఇవ్వడానికి చదువెందుకు? వేగం తగ్గించి చూశాను. గీతలు ఇంకా లోతయ్యాయి. చివరికి మోటారు దగ్గర చెవి పెట్టి విన్నాను. టక్, టక్, టక్. కంప్యూటర్‌కు మెడ వంపు వంపు కాదు, చిన్న చిన్న తిన్నని గీతల వరస. ప్రతి గీత చివరా పూర్తిగా ఆగి మళ్లీ బయల్దేరుతోంది. ఆగిన చోటల్లా గిర్రున తిరిగే కట్టరు ఫోమ్‌ను రాసుకుని మచ్చ పెడుతోంది. గీత మారినా ఆగకుండా సాగిపొమ్మని సెట్టింగు మార్చాను. బయల్దేరేటప్పుడు వేగం ఎంత త్వరగా అందుకోవాలో కూడా చెప్పాలి. ఎక్కువ చెబితే మోటారు తడబడి బొమ్మ పక్కకు జరిగిపోతుంది, తక్కువ చెబితే ఈడుస్తుంది. రెంటికీ మధ్య కుదిరిన రోజున మెడ తాటిముంజెలా నున్నగా వచ్చింది. ముక్కు మాత్రం మొద్దుబారింది. ఆగొద్దన్నాను కదా, కొస దాకా వెళ్లకుండానే తిరిగేసింది.

నాకు సంతోషమే వేసింది. వాడికి పని మిగిలింది! హంసను తువ్వాల్లో చుట్టి, సైకిల్ క్యారేజీకి కట్టుకుని వాడింటికి వెళ్లాను.

“మావయ్యగారు పడుకున్నారండి” అంది కోడలు గుమ్మంలోనే.

“పడుకోలేదమ్మా, రానీ” అని లోపల్నుంచి వాడి గొంతు.

మెడ పొడుగునా బొటనవేలు నడిపాడు. వేలు వణికింది గాని ఎక్కడా తగులుకోలేదు. మళ్లీ నడిపాడు.

“బావుందిరా. ఇంక నేనెందుకు?”

“ముక్కు చూడు, మొద్దులా ఉంది. బ్లేడు పట్టుకుని షెడ్డుకి రా.”

“అదీ నేర్చుకుంటుందిలే నీ మిషను.”

“నేర్చుకోదు!” అని అరిచాను.

వాడు కోడలి వైపు తిరిగి, “బాబాయిగారికి టీ ఇవ్వమ్మా” అన్నాడు. నా షెడ్డులో నా గ్లాసులోనే తాగిన మనిషి, నాకు చుట్టానికి చేసినట్టు మర్యాద చేస్తున్నాడు. టీ తాగకుండానే వచ్చేశాను.

వాడన్నట్టే అయింది. వారం తిరక్కుండా, మలుపు మరీ పదునైతే అక్కడ మాత్రమే ఆగమని చెప్పే సెట్టింగు దొరికింది. ఏ గడిలో ఏ అంకె వేయాలో నాకు తెలుసు. వేయలేదు.

పెళ్లి డెకరేషన్ వాళ్లు హంసల కోసం నా దగ్గరికి వచ్చి, “ముక్కు సరిగా లేదండి” అని సణిగేవారు. “ముక్కు చెక్కేవాడు వేరే ఉన్నాడు, వెళ్లి అడగండి” అని వాడిల్లు చెప్పి పంపేవాణ్ణి. ఒకరిద్దరు వెళ్లారట. వాడేమన్నాడో వాళ్లు చెప్పలేదు. నేనూ అడగలేదు.